ప్రెసిడెంటు లేని గ్రూపులో పెత్తనం ఒక్కరి దగ్గరే చేరిపోతే ఏం చేయాలి?

బీరపాదు:

మాది మిద్దెతోటల గ్రూపు. హైదరాబాదులో అత్తాపూర్, హైదర్‌గూడ, రాజేంద్రనగర్ వైపు నలభై ఇళ్ల దాకా ఉంటాం. 2020 లాక్‌డౌన్‌లో ఏం తోచక పాత పెయింటు డబ్బాల్లో గోంగూర, చుక్కకూర వేసుకున్నవాళ్లం, ఒకరికొకరం విత్తనాలు పంచుకుంటూ పంచుకుంటూ గ్రూపయ్యాం. ప్రెసిడెంటు లేడు, సెక్రటరీ లేడు, నెల చందా లేదు. కొత్తగా ఎవరు చేరినా ముందు ఈ ముక్కే చెప్తాం, కాస్త గొప్పగానే. మాలో సగం మంది అపార్టుమెంటు అసోసియేషన్ ఎన్నికలు చూసి దణ్ణం పెట్టేసిన వాళ్లు. లిఫ్టు కాంట్రాక్టు ఎవరికివ్వాలన్న దాని మీద రెండు ప్యానెళ్లు, రెండు బిర్యానీ విందులు. అది మనకొద్దు అనుకున్నాం.

ఇప్పుడు సంగతేమిటంటే, ఏది జరగాలన్నా అక్క సరే అనాలి. పేరెందుకులెండి, అందరం అక్కా అనే పిలుస్తాం. నాటు విత్తనాలన్నీ అక్క వాళ్ల ఫ్రిజ్‌లో కింది అరలో ఉంటాయి, పాత హార్లిక్స్ సీసాల్లో. సీసా మీద చీటీ ఉండదు. ఏది నేతిబీరో ఏది మామూలు బీరో అక్కకే తెలుసు. వర్మీకంపోస్టు ఎవరి దగ్గర తెప్పిస్తే కల్తీ ఉండదో, వేపపిండి బస్తా ఎంతకు బేరమాడాలో అక్కకే తెలుసు. డబ్బులు అక్క ఫోన్‌పేకి కొడతాం. ఈ ఆదివారం ఎవరి మిద్దె మీద కలవాలో గ్రూపులో పెట్టేది కూడా అక్కే.

అక్క మంచిది. ముందే చెప్పేస్తున్నా, ఎవరూ వేరేగా అనుకోకండి. మా అబ్బాయికి డెంగీ వచ్చి హాస్పిటల్లో ఉంటే నా కుండీలకు నీళ్లు పోసింది ఆవిడే. ఇప్పటివరకు ఒక్క రూపాయి అటూ ఇటూ అయిందని ఎవరూ అనలేదు.

గొడవ ఎక్కడొచ్చిందంటే, ఒక నర్సరీ ఆయన మా దగ్గరున్న నాటు పొట్ల, గుత్తి చిక్కుడు విత్తనాలు కొంటానని వచ్చాడు. పంచుకునే విత్తనం అమ్మడమేమిటని కొందరు. అమ్మితే ఎండుటాకులు ముక్కలు చేసే మిషనొకటి కొనుక్కోవచ్చని కొందరు. నిజంగా మాట్లాడుకోవాల్సిన విషయమే. ఆదివారం కూర్చున్నాం. అక్క విషయం చెప్పి, "మరి ఇచ్చేద్దామా, అందరికీ ఓకేనా?" అంది. రెండు నిమిషాలు ఎవరూ నోరెత్తలేదు. "సరే అయితే" అంది. అయిపోయింది. ముందు రోజు సాయంత్రం అక్క వాళ్లింట్లో నలుగురు టీ తాగుతూ అనుకున్నారని నాకు తర్వాత తెలిసింది. కుట్ర కాదండీ, నిజంగా టీకే వెళ్లారు. ఎప్పుడూ వెళ్లేవాళ్లే. కానీ ఆ పొట్ల విత్తనం వాళ్ల ఊరి నుంచి తెచ్చిచ్చిన పెద్దాయన అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు. మర్నాడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

రిజిస్ట్రేషను, బైలాలు, ఎన్నికలు మాకొద్దు. అక్కను నొప్పించడం అసలే వద్దు. ఈ రెండూ లేకుండా, పెత్తనం ఇలా ఒకచోట చేరిపోకుండా చూసుకునే దారేమైనా ఉందా? ఏదైనా గ్రూపును, సంఘాన్ని దగ్గరుండి నడిపినవాళ్లు చెప్పండి.

సూటిమాట:

ఊరికే మనసు పాడు చేసుకుంటున్నారు మేడమ్. పదిమంది చేరిన చోట ఒకరు పెద్దరికం చేస్తారు, తొమ్మిది మంది సుఖంగా ఉంటారు. రాబర్ట్ మిషెల్స్ అని ఒకాయన 1911లోనే రాసి పెట్టాడు. జర్మనీలో సోషల్ డెమొక్రటిక్ పార్టీని లోపలి నుంచి చూసినవాడు. సమానత్వం కోసమే పుట్టిన పార్టీలో కూడా చివరికి కొద్దిమందిదే రాజ్యమవుతుందని, దాన్ని తప్పించుకోవడం ఎవరివల్లా కాదని తేల్చేశాడు. మీ అక్క కష్టపడుతోంది, మాట చెల్లుతోంది. అందులో అన్యాయమేముంది? నచ్చకపోతే మీ ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేసి విత్తనాలు మీరు పెట్టుకోండి.

పాత సీసీ:

సూటిమాట గారు ఎత్తిపొడుపుగా అన్నారు గానీ, ఆ ఆఖరి మాటలోనే మందుంది.

నేను చిత్తూరు జిల్లాలో వెలుగులో, అంటే సర్కారు వాళ్ల పేదరిక నిర్మూలన పథకంలో, సీసీగా చేసినదాన్ని. సీసీ అంటే కమ్యూనిటీ కోఆర్డినేటరు. ఊరూరా తిరిగి డ్వాక్రా సంఘాలు కూర్చుంటున్నాయా, పుస్తకాలు రాస్తున్నారా, అప్పులు తిరిగి కడుతున్నారా అని చూసుకునే పని. 2000లో వెలుగు మొదలైన ఆరు జిల్లాల్లో మాదొకటి. కాబట్టి తల్లీ, నువ్వు చెప్పే అక్కలను నేను చాలామందిని చూసినా. చాలామంది మంచోళ్లే.

సంఘంలో పది నుంచి పదిహేను మంది ఉంటారు. అందరూ సమానం. ఇద్దరు లీడర్లుంటారు గానీ వాళ్లకు మిగతావాళ్ల మీద అధికారమేమీ లేదు. సమావేశానికి పిలవాల, బ్యాంకులో సంతకం పెట్టాల, అంతే. మరి పెత్తనం యాడ మొదలవుతుందంటే, బ్యాంకు కాడ. సంఘం పెట్టిన కొత్తలో "బ్యాంకుకు ఎవరు పోతారు?" అంటే అందరూ నేల చూస్తారు. చెనక్కాయలు పెరికే కాలం, పోతే ఒక రోజు కూలి పాయె. ఒకామె సరేలే నేను పోతా అంటుంది. నాలుగక్షరాలు వచ్చినామె, లేకుంటే మొగుడికి మోటారు సైకిలు ఉండేయామె. ఆ రోజు సంఘం సంచి ఆమె చేతికొస్తుంది. నల్ల రెక్సిన్ సంచి. పాసుబుక్కు, చెక్కు పుస్తకం, మినిట్స్ పుస్తకం, రబ్బరు స్టాంపు, ఇంకు ప్యాడు, రబ్బరు బ్యాండు వేసిన అందరి ఫోటోలు, అన్నీ అందులోనే.

కొన్నాళ్లకు బ్యాంకులో మేనేజరుకు ఆమె ఒక్కతే తెలుసు. ఇంకెవరన్నా పోతే "మీ లీడరమ్మను పిలుచుకోని రా పో" అంటాడు. ఆమెను మార్చాలంటే తీర్మానం రాయాల, కొత్త ఫోటోలు, రేషన్ కార్డు జిరాక్సులు, నమూనా సంతకాలు, బ్యాంకు చుట్టూ తిరుగుళ్లు. ఎవరికి తీరిక? "నువ్వే ఉండు వదినా" అంటారు. ఎవరూ ఆమెకు ఇచ్చింది లేదు, ఆమె లాక్కున్నదీ లేదు. వేరేవాళ్లు వద్దన్న పనులన్నీ ఒక సంచిలో చేరి ఆమె భుజానికి తగులుకున్నాయి.

లీడర్లను మార్చండి అని పైనుంచి మాకు చెప్పేవాళ్లు. మార్చినాము. చాలా ఊళ్లలో పేరు మారింది, సంచి మారలేదు. కొత్త లీడరు బ్యాంకు కౌంటరు కాడ నిలబడితే, పక్కనే పాత లీడరు నిలబడి సంతకం యాడ పెట్టాల్నో వేలుతో చూపిస్తా ఉంటుంది. ఇంటి పెద్ద మారకుండా ఇంటి ముందర పేరు బోర్డు మారినట్టు.

పదవి జోలికి పోకుండా పనిని పట్టుకున్న సంఘాల్లోనే మార్పు కనపడింది. సమావేశం అయిపోయినాక సంచి లీడరు ఇంటికి పోకుండా, వచ్చేసారి సమావేశం ఎవరింట్లోనో వాళ్ల ఇంటికి పోతుంది. ఇంత చిన్న పనికి ఎంత తేడా వచ్చిందో చెప్తే నమ్మవు. సంచి ఇంట్లో ఉంటే మొగుడో, బిడ్డో తీసి చూస్తారు, పాసుబుక్కు చదువుతారు, ప్రశ్నలు పుడతాయి. బ్యాంకుకు ఎప్పుడు పోయినా ఇద్దరు పోవాల, దారి తెలిసినామె ఒకతె, తెలియనామె ఒకతె. తెలియనామె ప్రతిసారీ మారాల. మార్చేటప్పుడు ఇద్దరు లీడర్లనూ ఒకేసారి మార్చకూడదు. రెండో ఆమె మొదటి స్థానానికి వస్తుంది, కొత్తామె రెండోదానికి వస్తుంది. అప్పుడు బ్యాంకులో కూడా ఒక సంతకమే మారుతుంది, తెలిసిన మొహం ఒకటి ఉంటుంది.

బ్యాంకుకు పోయినోళ్లకు బస్సు చార్జీ, టిఫిను, పోయిన కూలి సంఘం డబ్బుల్లోంచి ఇయ్యాల. దీనికి మొదట్లో చాలామంది ఒప్పుకోరు, "సేవకు కూలా?" అంటారు. ఇయ్యకపోతే ఏమవుతుంది? కూలి పోయినా గడిచేయామె ఒక్కతే లీడరుగా మిగుల్తుంది. ఎస్సీ కాలనీలోనించి ఒక్కరు కూడా ముందుకు రారు. ఇది నేను గట్టిగా చెప్తా, పని ఉచితం అయిన చోట పెత్తనం కలిగినోళ్లదే అయిపోతుంది.

ఇంక మీ అక్క "అందరికీ ఓకేనా" అన్నది. మా కాడ దాని పేరు ఖాళీ పేజీ సంతకాలు. సమావేశం ముగిసి అందరూ లేచి పోతా ఉంటే మినిట్స్ పుస్తకంలో ఖాళీ పేజీ చూపించి సంతకాలు, వేలిముద్రలు పెట్టించుకునేది. తీర్మానం రాత్రికి లీడరు ఇంట్లో తయారవుతుంది. దానికి మేము పెట్టిన కట్టడి ఏమంటే, తీర్మానం రాసి, పైకి చదివి, కింద గీత కొట్టినాకనే సంతకం. ఇంకొకటి, ఏ విషయమైనా లీడరు ఆఖర్న మాట్లాడాల. మొదట మాట్లాడాల్సింది ఎప్పుడూ మాట్లాడనామె. పెద్దామె మాట ముందు పడితే ఇంక ఎవరూ ఎదురు చెప్పరు, అది మన నేలలోనే ఉంది.

డబ్బు కూడా అంతే. చాప మధ్యలో పోసి, పైకి వినబడేటట్టు లెక్కపెట్టాల. సమావేశం మొదలు కాగానే "పోయినసారి నిల్వ ఎంత?" అని చదువు రాని ఆమెను అడగాల. ఆమె నోటి నుంచి అంకె వచ్చిందంటే ఆ సంఘంలో డబ్బు పోదు. 1991లో ఆఫ్రికాలో నైజర్ దేశంలో కేర్ సంస్థ పెట్టించిన పొదుపు గుంపుల నుంచి ఒక పద్ధతి చాలా దేశాలకు పాకింది. డబ్బుపెట్టెకు మూడు తాళాలు, మూడు తాళంచెవులు మూడు ఇళ్లలో, పెట్టె నాలుగో ఇంట్లో. పెట్టె తెరవాలంటే గుంపు కూడాల్సిందే. నువ్వు అడిగినదానికి ఇంతకంటే సులభమైన బొమ్మ నాకు తెలీదు.

శాసనాలపిచ్చి:

సీసీ అమ్మ చెప్పింది చదువుతుంటే నాకు ఉత్తరమేరూరు గుర్తొచ్చింది. కాంచీపురం దగ్గర ఊరు. అక్కడి గుడి గోడ మీద మొదటి పరాంతక చోళుడి కాలపు శాసనాలున్నాయి, క్రీ.శ. 919, 921 నాటివి. ఊరి సభకు మనుషుల్ని ఎలా ఎన్నుకోవాలో రాయి మీద చెక్కించి పెట్టారు.

ఊరిని ముప్పై వాడలు చేశారు. ఒక్కో వాడలో అర్హులైన వాళ్ల పేర్లు తాటాకు చీటీల మీద రాసి, కట్టగట్టి, కుండలో వేస్తారు. కుండ అందరికీ కనపడేలా పైకెత్తి చూపిస్తారు. ఏమీ తెలియని పిల్లవాడితో చీటీ తీయిస్తారు. ఇక్కడ చూడండి నాకు భలే నచ్చిన సంగతి: ఆ చీటీని అందుకునే మధ్యస్థుడు ఐదు వేళ్లూ విప్పి, అరచేయి చాచి అందుకోవాలి. చేతిలో ఇంకో చీటీ దాచలేదని అందరూ చూడాలన్నమాట. తర్వాత అతను పైకి చదవాలి, అక్కడున్న పూజారులందరూ చదవాలి. వెయ్యేళ్ల కిందటే మనుషుల చేతివాటం గురించి ఇంత బాగా తెలిసిన వాళ్లు ఉన్నారు.

అలా వచ్చిన ముప్పై మందిలో పన్నెండు మంది ఏడాది వ్యవహారాల కమిటీకి, పన్నెండు మంది తోటల కమిటీకి, ఆరుగురు చెరువు కమిటీకి. అవును బీరపాదు గారూ, తోటల కమిటీయే! పదవి 360 రోజులు. ఒకసారి చేసినవాడి పేరు మళ్లీ మూడేళ్ల దాకా కుండలో పడదు. కమిటీలో ఉండి లెక్క అప్పజెప్పనివాడు ఎప్పటికీ అనర్హుడు. అతనొక్కడే కాదు, అతని అన్నదమ్ములు, మేనత్త కొడుకులు, మేనమామలు, మామగారు, ఇలా చుట్టరికాల పట్టిక పొడుగునా ఉంటుంది. ఎవరినుంచి ఎవరికి పెత్తనం జారుతుందో వాళ్లకు తెలుసు. మీ దగ్గర చుట్టరికం బదులు టీ.

దీన్ని మరీ ఆకాశానికెత్తే వాళ్లున్నారు, నేను ఎత్తను. ఆ కుండలో పేరు పడాలంటే పన్ను కట్టే భూమి ఉండాలి, సొంత స్థలంలో ఇల్లుండాలి, వేదం వచ్చి ఉండాలి. అది బ్రాహ్మణుల అగ్రహారం. ఆడవాళ్ల పేరు లేదు, ఆ పొలం దున్నినవాడి పేరు లేదు. లోపలున్నవాళ్లు ఒకరినొకరు అదుపులో పెట్టుకోవడానికి చేసుకున్న ఏర్పాటు అంతే. ఆ మేరకు మాత్రం గట్టి ఏర్పాటు.

సీసీ అమ్మ కూలి సంగతి అన్నారు. ప్రాచీన గ్రీసులోని ఏథెన్స్‌లో కూడా పెరిక్లీస్ అనే నాయకుడి కాలంలో న్యాయసభల్లో కూర్చునే వాళ్లకు రోజుకింత అని ఇవ్వడం మొదలుపెట్టారు. డబ్బున్నవాళ్లు దాన్ని తెగ తిట్టిపోశారు.

సూటిమాట:

చీటీలు వేసి విత్తనాల సీసాలు పంచండి, వానాకాలానికి సగం సీసాల్లో బూజు పడుతుంది. అందరికీ అన్నీ రావు. సముద్రంలో పడవకు సరంగును చీటీ తీసి పెట్టుకుంటామా?

రాత్రిషిఫ్టు:

సూటిమాట అన్నా, మీ మిషెల్స్ చివరికి ముస్సోలినీ పార్టీలో చేరాడు. కొద్దిమంది పెత్తనం తప్పదని నమ్మినవాడు ఒక్కడి పెత్తనం కిందికి వెళ్లి కూర్చున్నాడు. ఆ సంగతి కూడా చెప్పాలిగా.

నాది సాఫ్ట్‌వేర్. మా దాంట్లో పడవకు సరంగు ఒక్కడే ఉంటే దాన్ని బస్ ఫ్యాక్టర్ ఒకటి అంటాం. అంటే ఆ ఒక్క మనిషిని బస్సు గుద్దితే ప్రాజెక్టు ఆగిపోతుందని. కంప్యూటరు ప్రోగ్రాములు రాసే పైథాన్ భాష తెలుసు కదా, దాన్ని పుట్టించిన గైడో వాన్ రోసమ్‌దే దాదాపు ముప్పై ఏళ్లు ఆఖరి మాట. బిరుదు కూడా "బ్రతికున్నంతకాలం దయగల నియంత". సరదాకి పెట్టిందే, కానీ నిజం అదే. 2018 జులైలో ఒక చిన్న గుర్తును భాషలో చేర్చాలా వద్దా అన్న దాని మీద వాదన ముదిరి ముదిరి ఆయనకు విసుగొచ్చింది. నేను తప్పుకుంటున్నా, వారసుణ్ణి మాత్రం పెట్టను, మీరే తేల్చుకోండి అని మెయిలు పెట్టాడు. నాకు ఆ మనిషి మీద గౌరవం పెరిగింది అక్కడే. అక్కలు తప్పుకోవడం తక్కువ, తప్పుకున్నా తమకు నచ్చినవాణ్ణి కూర్చోబెట్టి వెళ్తారు.

నెలల తరబడి ఎలా నడుపుకోవాలన్న దాని మీదే చర్చ. ఏడు పద్ధతుల దాకా ఓటుకు పెట్టి, చివరికి ఐదుగురి మండలి ఎంచుకున్నారు. 2019 నుంచి ఎన్నికలు నడుస్తున్నాయి. ఒకే కంపెనీలో పనిచేసేవాళ్లు ఆ ఐదుగురిలో ఇద్దరికి మించకూడదు. శాసనాలపిచ్చి గారి మేనత్త కొడుకుల పట్టికకు మా వెర్షన్ అన్నమాట. ఇంకో వాక్యం కూడా రాసుకున్నారు: మండలి తన అధికారాలను వీలైనంత తక్కువ వాడేలా చూసుకోవాలని. ఇంతకూ మొదటి మండలికి గైడో కూడా ఎన్నికయ్యాడు, ఐదుగురిలో ఒకడిగా. కాబట్టి బీరపాదు గారూ, మీ అక్క బయటికి పోనక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం మీతో ఏకీభవించను. ఏ రూలూ రాసుకోకపోతే సమానంగా ఉంటామని మీరనుకుంటున్నారు. 1970ల మొదట్లో అమెరికాలో మహిళా ఉద్యమంలో తిరిగిన జో ఫ్రీమన్ దీని మీదే మొత్తుకుంది. నాయకులొద్దనుకున్న చిన్న చిన్న గుంపుల్లో స్నేహితురాళ్ల గుంపే పాలించేది. ఏ రూలూ రాసి లేదు కాబట్టి ఎవరూ ఎదురు అడగలేకపోయేవారు. ప్రెసిడెంటునైతే దించొచ్చు. టీ తాగే నలుగుర్ని ఏ ఎన్నికలో దించుతారు?

బీరపాదు:

ఇన్ని వస్తాయనుకోలేదు. అందరికీ థాంక్స్. రాత్రిషిఫ్టు గారి చివరి మాట కాస్త గుచ్చుకుంది, నిజమే కాబట్టి.

సూటిమాట గారి బూజు సంగతి కొట్టిపారేసేది కాదు. పోయిన వానాకాలం ఒకావిడ గుత్తి చిక్కుడు సరిగ్గా ఎండకుండానే సీసాలో పోసింది, మొత్తం పోయింది. కాబట్టి ఎవరి ఇంట్లో పడితే వాళ్ల ఇంట్లో పెట్టలేం. నేను అనుకుంటున్నది: విత్తనం ఎండిందా లేదా చూసి, బూడిద కలిపి సీసాకెత్తే పని అక్కదే, ఇంకో ఇద్దరికి నేర్పుతూ. సీసాలు మాత్రం మూడిళ్లకు పంచడం, ప్రతి రకమూ కనీసం రెండిళ్లలో ఉండేలా. ప్రతి సీసా మీద చీటీ: రకం, ఎవరిచ్చారు, ఏ నెలలో తీశారు. ఇచ్చినవాళ్ల పేరు చీటీ మీద ఉంటే, అమ్మాలా వద్దా అన్నప్పుడు ముందు ఎవర్ని అడగాలో తెలిసిపోతుంది కదా. పెద్దాయన సంగతి అప్పుడే తేలిపోయేది.

కలిసే చోటు, మాట్లాడే విషయాలు నెలకొకరు గ్రూపులో పెట్టాలి, ఇళ్ల వరసలో. అమ్మకం లాంటి పెద్ద విషయమైతే ఒక ఆదివారం చెప్పుకోవడం, తర్వాతి ఆదివారం తేల్చుకోవడం. వరసగా అందరూ తలా ఒక మాట అనాలి, అక్క ఆఖరున.

డబ్బు దగ్గరే ఆగిపోయా. ఇద్దరి సంతకం ఉండే ఖాతా తెరుద్దామంటే దానికి యూపీఐ అన్ని చోట్లా దొరకదు. చెక్కులంటే మా వాళ్లు నవ్వుతారు. పోనీ అక్క ఫోన్‌పేలోనే ఉంచి ఊరుకోవాలా?

పాత సీసీ గారూ, ఇదంతా అక్కకు ఎలా చెప్పాలి? మీటింగులో పెడితే తన మీద పంచాయితీ పెట్టారనుకుంటుంది.

పాత సీసీ:

మీటింగులో పెట్టొద్దు తల్లీ. ముందు ఇంటికి పో. నువ్వొక్కదానివే పో, నలుగురు పోతే అది పంచాయితీనే. మా కాడ ఒకామె సంచి ఇయ్యమంటే ఏడ్చింది, "ఇన్నేండ్లు చెప్పులు అరగదీస్తే దొంగను చేస్తిరా" అని. అట్లా ఎవరూ అనలేదు, ఆమెకు అట్లా వినబడింది. లెక్క అడగడమంటే అనుమానించడమే అని మనోళ్ల నమ్మకం. అందుకే మేము ఏం చేస్తిమంటే, పాత లీడరు దిగిపోయే రోజు ఆమె చేతనే లెక్క పైకి చదివించి, అందరిచేత సరే అనిపించి పుస్తకంలో ఎక్కించే వాళ్లం. ఇన్ని రోజులు ఈమె కాడ పైసా పోలేదు అని రాతలో ఉంటే అది ఆమెకే కాపు. రేపు ఎవరన్నా నోరు జారితే చూపించుకుంటుంది. మీ అక్కకు ఈ మాటతోనే మొదలుపెట్టు.

డబ్బు సంగతి. మీరు ఎండుటాకుల మిషను కొనేంతవరకు పెద్ద డబ్బు ఏమీ లేదు కదా, వచ్చింది వచ్చినట్టు లోడుకు పోతుంది. అయితే ఖాతా జోలికి పోవద్దు. లోడుకొకరు వసూలు చేయండి. ఈసారి వర్మీకంపోస్టు అక్క, వచ్చేసారి కోకోపీట్ నువ్వు, తర్వాత వేపపిండి ఇంకొకరు. ఎవరి లోడుకు వాళ్ల ఫోన్‌పే. లోడు దిగిన రోజే వసూలెంత, బిల్లెంత, మిగులెంత, బిల్లు ఫోటోతో సహా గ్రూపులో పెట్టాల. మిగులు ఉంటే తర్వాత లోడు ఎవరిదో వాళ్లకు పంపేయాల. అట్లా పంపేటప్పుడు ఒకరి లెక్క ఇంకొకరు చూసుకోక తప్పదు. అమ్మే ఆయన ఫోను నంబరు, ధర కూడా గ్రూపులో పెట్టండి, అది అక్క ఫోనులోనే ఉంటే వసూలు మారినా ఏమీ మారనట్టే.

నువ్వు రాసినవన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు, ఒక్కటీ నిలబడదు. చీటీలు అంటించడంతో మొదలుపెట్టు, దానికి ఎవరూ అడ్డం చెప్పరు. ఒక ఆదివారం అక్క వాళ్లింట్లోనే అందరూ కూర్చుని అంటించండి, ఏ సీసాలో ఏముందో ఆమె చెప్తా ఉంటే మీరు రాసుకోండి. ఆ వారమే ఆ పెద్దాయన ఇంటికి పోయి, ఆయన పొట్ల విత్తనం అమ్మేది ఆపినామని చెప్పి రండి. అక్కనూ తోడు తీసుకోని పో.

సూటిమాట:

విత్తనాలు ఆ నర్సరీ ఆయనకు ఇచ్చేశారా, ఇంకా లేదా? అది చెప్పకుండా ఇంత దూరం వచ్చాం.

బీరపాదు:

చిక్కుడు ఇచ్చేశాం. పొట్ల ఇంకా అక్క ఫ్రిజ్‌లోనే ఉంది. రేపు వెళ్తున్నా.